ఊరి పేరు లేని ప్రాజెక్టు

ఈ ఏడాది ఫిబ్రవరిలో మా ఒంగోలులోని ఒక డిగ్రీ కాలేజీ నుంచి ఫోనొచ్చింది. "ఇరవై ఎనిమిదిన సైన్స్ డే మేడమ్. మా పిల్లలు ప్రాజెక్టులు ప్రెజెంట్ చేస్తున్నారు. సైన్సు ఒక్కటే కాదు, ఆర్ట్సు, కామర్సు అన్ని గ్రూపుల వాళ్లూ ఉన్నారు. ముగ్గురు జడ్జీల్లో మీరొకరు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నాలుగు కథలు అచ్చయితే చాలు, మన ఊళ్లల్లో ముగ్గుల పోటీ నుంచి వక్తృత్వం దాకా అన్నిటికీ తీసుకెళ్లి న్యాయనిర్ణేతగా కూర్చోబెడతారు! "పరిశోధనల సంగతి నాకేం తెలుసండీ" అన్నాను. "మీరూ బి.యస్సీ.నే కదా మేడమ్" అన్నారు.

అవును, బి.యస్సీ.నే. ఆ బి.యస్సీ. ఎలా పాసయ్యానో వాళ్లకి తెలీదు కాబట్టి అలా అన్నారు.

చెప్పేస్తాను, దాచుకోవడం దేనికి? నా డిగ్రీ 2008లో అయింది. సీనియరు అక్క రికార్డు అడిగి తెచ్చుకుని, బొమ్మలన్నీ ట్రేసింగు కాగితం పెట్టి దించాను. కెమిస్ట్రీ ప్రాక్టికల్సులో జవాబు ఎంత రావాలో ముందే తెలుసు. దాన్నుంచి వెనక్కి లెక్కేసి బ్యూరెట్ రీడింగులు రాసేవాళ్లం. బోటనీ హెర్బేరియానికి మొక్కలు ఏరి తెచ్చింది మా తాతయ్య, పాత పేపర్ల మధ్య పెట్టి బియ్యం డబ్బా కింద అణిచింది మా అమ్మ. నేను చేసిందల్లా అట్టల మీద పేర్లు అంటించడం. ఫస్టు క్లాసే వచ్చింది లెండి. కానీ ఆ మూడేళ్లలో నా అంతట నేను ఒక్క ప్రశ్న వేసిన గుర్తు లేదు. వెయ్యమని అడిగినవాళ్లూ లేరు.

ఇప్పటి పిల్లల దారి వేరు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ చదువు తీరు మార్చారు. మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని పెట్టారు. 180 గంటలు జనంలోకి వెళ్లి, ఒక సమస్య పట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకొచ్చి రిపోర్టు ఇవ్వాలి. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్పులు. పక్కన తెలంగాణలో 'జిజ్ఞాస' అన్న పేరుతో డిగ్రీ పిల్లల స్టడీ ప్రాజెక్టులకి పోటీలే పెడుతూ వచ్చారు. వీటన్నిటికీ పైన 2022 డిసెంబరులో యూజీసీ కొత్త ప్రణాళిక ఇచ్చింది. మూడేళ్లు చదివితే 120 క్రెడిట్లతో మామూలు డిగ్రీ, నాలుగేళ్లు చదివితే 160 క్రెడిట్లతో ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్న వాళ్లకి నాలుగో ఏడు 'ఆనర్స్ విత్ రీసెర్చ్' తీసుకునే వీలుంది. అందులో 12 క్రెడిట్లు వాళ్లు చేసే పరిశోధనకే. ఆ నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే ఎం.ఎస్సీ., ఎం.ఏ. లేకుండానే పిహెచ్.డి.కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన కాలంలో ఊహకైనా అందిందా ఇది?

'మీసాలైనా సరిగ్గా రాని పిల్లలతో పరిశోధనలేమిటి, విడ్డూరం!' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా వారే అన్నారు. విడ్డూరం ఏమీ లేదు. అమెరికాలో ఎం.ఐ.టి. అని గొప్ప పేరున్న విద్యాసంస్థ ఉంది కదా, అక్కడ 1969లోనే మార్గరెట్ మెక్‌వికార్ అనే ఫిజిక్స్ అధ్యాపకురాలు డిగ్రీ పిల్లల్ని ప్రొఫెసర్ల పక్కన కూర్చోబెట్టి పరిశోధన చేయించే పద్ధతి మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్లైనా లేవు. 1987 నుంచి ఆ దేశంలో డిగ్రీ విద్యార్థులు అన్ని సబ్జెక్టుల్లో తాము చేసిన పనిని చెప్పుకోవడానికి ఏటా ఒక జాతీయ సదస్సే జరుగుతోంది. ఆలోచన మంచిదే, మనకి రావడమే ఆలస్యం. వచ్చాక ఏమవుతోందన్నదే అసలు సంగతి. ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ హాల్లో కూర్చుని నేను చూసిందదే.

కోయంబత్తూరు ఎక్కడినుంచి వచ్చింది?

మొదట బి.కాం. పిల్లలు నలుగురు. మగపిల్లలు. టైలు కట్టుకుని, బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చారు. 'ఆన్‌లైన్ కొనుగోళ్లు - వినియోగదారుల సంతృప్తి' వాళ్ల విషయం. తెర మీద రంగురంగుల గ్రాఫులు తిరుగుతున్నాయి, ఇంగ్లీషు గడగడా వస్తోంది. ఐదో స్లైడు దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఒంగోలు వినియోగదారుల మీద చేసిన సర్వే కదా, అక్కడ 'కోయంబత్తూరు నగరంలోని వినియోగదారులు' అని ఉంది! పక్కనున్న జడ్జీ వైపు చూశాను, ఆయన గ్రాఫుల్నే చూస్తున్నారు. పిల్లలు ముందుకెళ్లిపోయారు.

ఈ వ్యాపారం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాలేజీల ముందు జిరాక్సు షాపుల్లో ప్రాజెక్టు రిపోర్టులు తయారుగా ఉంటాయి. పేరు, రోల్ నంబరు మార్చి స్పైరల్ బైండింగు చేసి ఇస్తారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ షాపు దాకా నడిచే శ్రమ కూడా తప్పింది. ఇంట్లో మంచం మీద పడుకునే 'సర్వే' రాయించుకోవచ్చు, అడగని మనుషులు చెప్పని జవాబులతో సహా. నేను బ్యూరెట్ రీడింగులు వెనక్కి లెక్కేసుకున్నదానికీ దీనికీ తేడా ఏముంది అంటారా? ఏమీ లేదు. అందుకే నాకు ఆ పిల్లల మీద కోపం రాలేదు. లెక్చరర్లనీ ఒక్కళ్లనే అని ఏం లాభం? ఒక్కొక్కరి కింద డజన్ల కొద్దీ పిల్లలుంటారు. పాఠాలు, పరీక్షలు, ఆన్‌లైన్లో ఎక్కించాల్సిన వివరాలు పోను ఒక్కో ప్రాజెక్టు చదివే తీరిక వాళ్లకెక్కడిది? చివరికి పేజీలెన్ని ఉన్నాయో చూసి సంతకం పెడతారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా! అంత చక్కగా మాట్లాడిన పిల్లలకి తక్కువ వేయడానికి చెయ్యి రాక పదికి ఏడు వేశాను.

తర్వాత వచ్చింది కెమిస్ట్రీ అమ్మాయి. పొదిలి వైపు పల్లె. రెండు సంచుల నిండా సీసాలు తెచ్చింది. వాళ్ల ఊరి బోరింగు నీళ్లు, చెరువు నీళ్లు, బడి దగ్గర ట్యాంకు నీళ్లు, పది రూపాయల క్యాను నీళ్లు. బస్సులో సీసాలు పెట్టుకుని వస్తుంటే కండక్టరు ఏవో మందులనుకున్నాడట. ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండో వాక్యానికే తడబడింది, చేతులు వణికాయి. నేను "తెలుగులో చెప్పమ్మా" అన్నాను. ఇక చూడాలి ఆ పిల్లని! నీళ్లలో ఫ్లోరైడు ఎలా కొలిచిందో, లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు మాత్రమే 1.5 దాకా సరేనంటారని, ఏ బోరు నీళ్లు ఆ గీత దాటాయో కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది.

ఆ పిల్లకి ఈ ప్రశ్న ఎక్కడ దొరికిందో తెలుసా? వాళ్ల నాయనమ్మ దగ్గర. ఆవిడ నడుం వంగిపోయింది. "బోరు నీళ్లు పడవు, బాగా కాచి తాగాలి" అని రోజూ పెద్ద గిన్నెడు నీళ్లు తెర్లా కాస్తుందట. కాస్తే క్రిములు చస్తాయిగానీ ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరైన మేరకు ఇంకాస్త చిక్కబడుతుంది! ఈ సంగతి మీలో ఎంతమందికి తెలుసు? నాకు తెలీదు. బి.యస్సీ. ఫస్టు క్లాసు!

మా పడమటి ఊళ్లకి ఈ బాధ నిన్నా మొన్నటిది కాదు. 1937లోనే, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా జనంలో ఎముకలు బిగుసుకుపోతున్నాయని, దానికి కారణం నీళ్లలోని ఫ్లోరైడని డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడుని దింపే 'నల్గొండ పద్ధతి' మన తెలుగు జిల్లా పేరు మీదే ఉంది. ఇంత చరిత్ర ఉన్న సమస్య కదా, ఆ నాయనమ్మ వంటింటి దాకా ఆ కబురు చేరడానికి డిగ్రీ రెండో ఏడు చదివే మనవరాలు కావలసి వచ్చింది.

భాష మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. 2021లో మన ప్రభుత్వం డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాలని నిర్ణయించింది. ఉద్యోగాలకి ఇంగ్లీషు కావాలి, కాదనను. మా అబ్బాయినీ ఇంగ్లీషు మీడియంలోనే వేశాం. కానీ పల్లెకి వెళ్లి తెలుగులో అడిగి, తెలుగులో విని, తెలుగులో బాధపడి వచ్చిన పిల్లని ఇంగ్లీషులోనే చెప్పమంటే ఏమవుతుంది? కళ్లతో చూసింది గొంతులో ఆగిపోతుంది. చూడనిది చెప్పేవాడికే మార్కులు పడతాయి. 2023 ఏప్రిల్లో యూజీసీయే యూనివర్సిటీలకి ఉత్తరం రాసింది, చదువు ఇంగ్లీషు మీడియమైనా పరీక్షలు స్థానిక భాషలో రాయనివ్వండని. పరీక్షకి పనికొచ్చే భాష ప్రాజెక్టు చెప్పడానికి పనికిరాదా?

"నాకేం పనుందమ్మా!"

మధ్యాహ్నం ముందర బి.ఏ. ఎకనమిక్స్ అమ్మాయి వచ్చింది. తన వీధిలో ఉద్యోగం చెయ్యని ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి రోజంతా ఏం చేస్తారని అడిగిందట. అందరూ మొదట ఒకటే జవాబు, "నాకేం పనుందమ్మా, ఇంట్లోనే ఉంటాను." హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. జనాభా లెక్కలకి వచ్చినాయనకి నేనూ అదే చెప్పినట్టు గుర్తు.

అప్పుడా పిల్ల ప్రశ్న మార్చింది. ఏం చేస్తారని కాదు, నాలుగున్నరకి ఏం చేశారు, ఐదుకి ఏం చేశారు అని గడియారం పెట్టి అడిగింది. పాల ప్యాకెట్లు, కళ్లాపి, టిఫిను, క్యారేజీలు, మోటారు వెయ్యడం, అత్తగారి మాత్రలు... కాగితం చాల్లేదట. కేంద్ర ప్రభుత్వం 2024లో దేశమంతటా చేసిన సమయ వినియోగ సర్వే కూడా ఈ మాటే చెప్పింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఢిల్లీ వాళ్లు లెక్క తేల్చిన దాన్నే ఈ పిల్ల మళ్లీ చెయ్యడం ఎందుకని మా జడ్జీల్లో ఒకరు అడిగారు. ఆ అమ్మాయి కాస్త ఆలోచించి, "ఢిల్లీ లెక్క మా అమ్మ నమ్మదు సార్. ఇది తన చేత్తో రాసింది" అంది. నేనైతే పదికి పది వేశాను.

ఇలా చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. మార్కాపురం పలకల పరిశ్రమ మీద చరిత్ర విద్యార్థులు చేశారు, హాస్టల్లో దోమల పిల్లల్ని లెక్కపెట్టినవాళ్లున్నారు, కంప్యూటర్ల వాళ్లవి నాకు సగం అర్థం కాలేదు. నన్ను ఇప్పటికీ వదలనిది వేరే ఉంది. ఆ రోజు ఆఖరి నుంచి రెండోది.

జువాలజీ అమ్మాయి. స్లైడులు లేవు. స్కెచ్ పెన్నులతో రాసిన ఛార్టు ఒకటి గోడకి అంటించింది. పచ్చి పొగాకు కోతకెళ్లే ఆడవాళ్లకి వచ్చే తల తిప్పు, వాంతులు ఆమె విషయం.

మా ఒంగోలు చుట్టుపక్కల పొగాకు తెలియని ఇల్లు లేదు. జనవరి వస్తే ఆకు కోత, బ్యారన్లలో కాల్చడం, ఆ తర్వాత వేలం దాకా గ్రేడింగు. గ్రేడింగు షెడ్లలో కింద కూర్చుని రంగునిబట్టి, మచ్చనిబట్టి ఆకు వేరుచేసేది ఆడవాళ్లే. ఆ పిల్ల చెప్పిందేమిటంటే, పచ్చి ఆకు మీద పొద్దున్నే మంచు ఉన్నప్పుడు కోస్తే ఆకులోని నికొటిన్ ఆ తడిలో కరిగి ఒంటి చర్మంలోంచి లోపలికి దిగుతుంది. తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. పొగాకు పండే దేశాల్లో డాక్టర్లు దీనికి పేరు కూడా పెట్టారు, గ్రీన్ టుబాకో సిక్‌నెస్ అని. మన ఆడవాళ్లు మాత్రం పైత్యమనుకుంటారు, గ్యాసనుకుంటారు. కొత్త కోడళ్లకైతే వేవిళ్లేమోనని ఇంట్లో సంబరపడిన సందర్భాలూ ఉన్నాయట! మజ్జిగ తాగి మర్నాడు మళ్లీ వెళతారు. సిగరెట్టు ముట్టని మనిషి ఒంట్లోకి పొగాకు ఇలా చేరుతుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"స్టడీ ఏరియా ఏదమ్మా?" అని అడిగారు మా పెద్ద జడ్జీగారు. రిటైరైన లెక్చరరు.

"ఒంగోలుకి దగ్గర్లో ఒక గ్రామం సార్."

"దానికో పేరుంటుంది కదా?"

ఆ పిల్ల మాట్లాడలేదు.

"ఎంతమందిని అడిగావు? వాళ్ల వివరాలేవి?"

"ఇరవై రెండు మందిని సార్. పేర్లు రాయలేదు."

"ఊరి పేరు లేదు, మనుషుల పేర్లు లేవు. నువ్వు నిజంగా వెళ్లి అడిగావని మేమెలా నమ్మాలి?" ఆయన కోపంగా ఏమీ అనలేదు. అడగాల్సిన ప్రశ్నే అది. కోయంబత్తూరు వాళ్లని అడగకపోవడమే మా తప్పు. ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. మేం ముగ్గురం 'పద్ధతి' అన్న గడిలో మార్కులు తగ్గించాం. నేను వేసింది ఐదు.

భోజనాలప్పటికి ఆలస్యమైంది. చెయ్యి కడుక్కోవడానికి బయటికొస్తే వేపచెట్టు కింద ఆ అమ్మాయి, పక్కన వాళ్లమ్మ. నన్ను చూసి లేచి నిలబడింది ఆవిడ. నాకంటే ఐదారేళ్లు పెద్దదో చిన్నదో చెప్పలేను, ఎండకి వాడిన మనిషి. వేళ్ల సందుల్లో ఆకు జిగురు నల్లగా పట్టేసి ఉంది. ఆ రోజు కూలి మానుకుని వచ్చిందట, కూతురు స్టేజీ మీద మాట్లాడుతుందంటే.

"ఊరి పేరు ఎందుకు చెప్పలేదమ్మా, చెబితే బాగుండేది కదా" అన్నాను ఆ పిల్లతో. తను అమ్మ వంక చూసింది.

"నేనే చెప్పొద్దన్నానమ్మా" అంది ఆవిడ. "మా ఊళ్లో పొగాకేసే రైతులు ఎంతమందని? నలుగురైదుగురు. ఫలానా ఊరని ఛార్టు మీద రాస్తే పేపరోళ్లు ఫొటో తీసుకుపోతే? 'మీ అమ్మాయి మా మీద రాసిందంట గదా' అంటారు. రేపొచ్చే ఏడు నన్ను కోతకి పిలుస్తారా? నన్నే కాదు, నోరు తెరిచి చెప్పిన ఆడోళ్లనెవరినీ పిలవరు. వాళ్లు దీన్ని నమ్మి చెప్పారమ్మా."

నాకు నోట మాట రాలేదు. పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో మనుషుల మీద పరిశోధన చెయ్యాలంటే ఒక కమిటీ ఉంటుంది. చెప్పినవాళ్లకి ఏ కీడూ జరక్కుండా చూడడం, వాళ్ల పేర్లు గుట్టుగా ఉంచడం దాని పని. ఇక్కడ ఏ కమిటీ లేకుండా పందొమ్మిదేళ్ల పిల్లా, పొగాకు కూలికెళ్లే తల్లీ కలిసి ఆ పని చేశారు. నేను దానికి ఐదు మార్కులు కోశాను! కథలు రాసేటప్పుడు నేను చేసేదేమిటి? ఎవరి బతుకు చూసి రాస్తున్నానో వాళ్ల ఊరూ పేరూ మార్చనూ? నా కథకి 'ఊరి పేరు లేదు' అని ఎవరన్నా మార్కులు కోస్తే ఊరుకుంటానా?

లోపలికెళ్లి మిగతా ఇద్దరికీ చెప్పాను. పెద్దాయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, "ఆ మాట గైడుకి విడిగా చెప్పి ఉంచితే సరిపోయేది. మేం నేర్పలేదు" అన్నారు. మేం అనే అన్నారు ఆయన, రిటైరైనా సరే. అప్పటికే మార్కుల కాగితాలు ఆఫీసుకి వెళ్లిపోయాయి. మొదటి బహుమతి నీళ్ల సీసాల అమ్మాయికొచ్చింది, సంతోషం. రెండోది కోయంబత్తూరుకి. సర్టిఫికెట్లు నా చేతుల మీదుగానే ఇప్పించారు.

ఆ నాలుగో ఏడు ఎవరిది?

ఇంటికొచ్చాక నాకు తోచినవి కొన్ని చెబుతాను. డిగ్రీ పిల్లల ప్రాజెక్టుల మీద మాట్లాడేవాళ్లు సాధారణంగా ల్యాబులు లేవంటారు, నిధులు లేవంటారు. నిజమే. కానీ ఆ రోజు నేను చూసిన మంచి ప్రాజెక్టుల్లో ఖరీదైనది ఏదీ లేదు. మూడూ ఇంట్లోంచే పుట్టాయి. నాయనమ్మ నడుం, అమ్మ గడియారం, అమ్మ వాంతులు. జడ్జీలం ముందు అడగాల్సింది ఎన్ని పేజీలని కాదు. ఈ ప్రశ్న నీకెక్కడ దొరికింది, ఎవరి దగ్గరికి వెళ్లావు, వాళ్లేమన్నారు అని అడిగితే కొన్న ప్రాజెక్టు రెండు నిమిషాల్లో బయటపడుతుంది. చాట్‌జీపీటీ వ్యాసం రాస్తుందిగానీ పొదిలి బస్సులో సీసాలు మోయదు కదా.

ఇంటి నుంచి వచ్చే అడ్డంకుల్నీ ఒప్పుకోవాలి. సర్వే అనగానే మనమే అంటాం, "ఇల్లిల్లూ తిరగడమేంటి ఆడపిల్ల? మన వీధిలో నలుగుర్ని అడిగి రాసెయ్" అని. అన్నయ్యని తోడు పంపుతాం. వాడు పక్కన నిలబడితే ఆడవాళ్లు నోరు విప్పరు. మగపిల్లలు బండి వేసుకుని పది ఊళ్లు తిరిగొస్తే మన పిల్ల శాంపిలు మన వీధి మలుపులోనే ఆగిపోతుంది. ఎకనమిక్స్ అమ్మాయి ఆ వీధిలోనే బంగారం తవ్వింది, అది వేరే సంగతి. అన్ని ప్రశ్నలూ ఒకే వీధిలో ఉండవు.

ఇక నాలుగో ఏడు. కాగితం మీద చూస్తే పన్నెండు నెలలు. మన ఇళ్లలో అది పెళ్లి సంబంధాల ఏడు. 'మూడేళ్లకి డిగ్రీ వచ్చేస్తుందిగా, ఇంకో ఏడు దేనికి' అన్న మాట మగపిల్లవాడి గురించి అనం. దేశంలో పై చదువుల లెక్కలు చూస్తే 2021-22లో పిహెచ్.డి. చేస్తున్నవాళ్లు 2.12 లక్షలు, అందులో ఆడవాళ్లు 98 వేల పైచిలుకు. 2014-15లో ఆడవాళ్లు 48 వేల దగ్గర ఉండేవాళ్లు. అంటే దారి పడింది. ఆ దారిలోకి ఎక్కే మెట్టు ఇప్పుడు డిగ్రీ నాలుగో ఏటికి దించారు. ఎక్కించడమో, అక్కడే ఆపెయ్యడమో జరిగేది కాలేజీలో కాదు, మన వంటిళ్లలో.

1933లో కమలా సొహోనీ బి.యస్సీ.లో బొంబాయి యూనివర్సిటీకే ఫస్టు వచ్చి బెంగళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌కి వెళితే సర్ సి.వి. రామన్ ఆడపిల్లని చేర్చుకోనన్నారు. సైన్స్ డే చేసుకునేది ఆయన కనిపెట్టిన దాని పేరు మీదే! ఆమె వదల్లేదు, పట్టుబట్టింది. చివరికి ఆయన ఒప్పుకున్నారు, ఒక ఏడాది పరీక్షగా ఉంచి చూస్తానన్న షరతు మీద. ఆ తర్వాత అక్కడ ఆమె పని చేసింది దేని మీదనుకున్నారు? పాలు, పప్పుల్లోని మాంసకృత్తుల మీద. 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు తీసుకుంది. ఆమె వెనక ఇంట్లోవాళ్ల అండ ఉంది, వాళ్ల నాన్నా చిన్నాన్నా ఇద్దరూ కెమిస్ట్రీ చదువుకున్నవాళ్లే. అందరికీ అలా ఉండదు.

ఆ సాయంత్రం నేను ఇంటికి బయల్దేరేసరికి బస్టాపులో తల్లీ కూతుళ్లు కనిపించారు. స్కూటీ ఆపాను. జరిగింది చెప్పి, మార్కులు నేనే తగ్గించాననీ చెప్పాను. ఆ అమ్మాయి "పర్లేదు మేడమ్, ఇది సెమిస్టరు మార్కుల్లో కలవదు" అంది. పెద్దరికం నాకు కాదు, తనకే ఉన్నట్టుంది.

తల్లి మాత్రం వేరే అడిగింది. "ఇంకో ఏడు చదివితే పరిశోధన చదువంట గదమ్మా? దీనికి మార్కులు వస్తన్నాయి, డెబ్బై ఎనిమిదో ఎంతో. సార్లు చదివించమంటన్నారు. ఆ ఏటికి ఎంతవుద్ది?" నాకు సరిగ్గా తెలీదని, సోమవారం కాలేజీలో కనుక్కుని చెబుతానని ఫోన్ నంబరు తీసుకున్నాను. ఊరు అడగలేదు.

"అయినా దీనికి చెప్పానమ్మా" అని నవ్వింది ఆవిడ. "ఛార్టు కింద ఏం రాసిందో చూశారా? మంచు ఆరినాక కోత మొదలుపెట్టాల, చేతులకి తొడుగులెయ్యాల అని రాసింది. మంచు ఆరేదాకా కూర్చుంటే కూలి సగమిస్తారు. తొడుగులేసుకుంటే ఆకు చేతికి రాదు."

"రబ్బరువి కాకుండా పల్చటివి చూద్దామన్నా కదమ్మా" అంది పిల్ల. "మెడికల్ షాపులో ధర అడిగాను. రేపు కోతకి నేను వేసుకుని చూస్తా. చేతికి వస్తే నీకూ తెస్తా."

బస్సొచ్చింది. ఆ అమ్మాయి చంకలోని ఛార్టు తీసి, రాత లోపలికి పోయేలా తిరగేసి చుట్టింది. "రబ్బరు బ్యాండు ఉందా మేడమ్?" అని అడిగింది. నా జడకున్నది తీసిచ్చాను.

"బస్సులో మా ఊరోళ్లుంటారు" అంది.